విరాళాల కోసం మ్యాప్: దాత ఉంటున్న చోటు కన్నా సొంతూరు ముఖ్యం

చిన్న ట్రస్టులు విరాళాలు అడిగే పద్ధతి ఎక్కడ చూసినా దాదాపు ఒకటే. జూన్‌లో బడులు తెరిచే ముందు ఒక పోస్టరు, మార్చిలో పన్ను మినహాయింపు గుర్తుచేస్తూ ఇంకో పోస్టరు, రెండూ తీసుకెళ్లి ఉన్న వాట్సాప్ గ్రూపులన్నింటిలో పడేయడం, ఎప్పుడూ ఇచ్చేవాళ్లే మళ్లీ ఇవ్వడం. వాళ్లు ఎక్కడివాళ్లు, మనం పనిచేసే ఊళ్లకీ వాళ్లకీ ఏమిటి సంబంధం అనేది ఎక్సెల్ షీటులో పేర్లు చూస్తుంటే తెలియదు. అదే లిస్టుని మ్యాప్ మీద చుక్కలుగా పెడితే తెలుస్తుంది. దీనికి డబ్బు ఖర్చేమీ లేదు, ఎక్సెల్ బాగా వచ్చినవాళ్లు ఒకరుంటే చాలు.

అయితే ఈ విషయం మీద దొరికే గైడ్లలో చాలావరకు దాత ఇప్పుడు ఉంటున్న అడ్రసునే మ్యాప్ మీద పెట్టమంటాయి. మన దగ్గర అది సగం పనే. కూకట్‌పల్లిలో ఫ్లాట్ కొనుక్కున్న ఆయన విరాళం ఇచ్చేది కూకట్‌పల్లి మీద ప్రేమతో కాదు కదా. ఆయన చదువుకున్న జడ్పీ హైస్కూలు జగిత్యాల పక్కన ఎక్కడో ఉంటుంది, ఆయన పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపు ఇప్పటికీ రోజూ మోగుతూనే ఉంటుంది, ఆయన జేబులోంచి డబ్బు తీయించేది ఆ ఊరి పేరు. అందుకని ప్రతి దాతకీ రెండు చుక్కలు పెట్టండి. ఒకటి ఉంటున్న చోటు, రెండోది సొంతూరు. మొదటిది మీటింగు ఎక్కడ పెట్టుకోవాలో చెబుతుంది, ఎవరిని ఏ పని కోసం అడగాలో చెప్పేది రెండోది.

లిస్టు తయారుచేయడం

కొత్తగా సర్వే ఏమీ అక్కర్లేదు. మీకు 80జీ (దాతలకి పన్ను మినహాయింపు వచ్చేలా ట్రస్టు చేయించుకునే రిజిస్ట్రేషన్) ఉంటే దాతల పేర్లు, అడ్రసులు, పాన్ నంబర్లు, ఎంత ఇచ్చారు, ఏ రూపంలో ఇచ్చారు అన్నవి ఇప్పటికే ఒక షీటులో ఉన్నాయి. 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి మే 31 లోపు ఫారం 10బీడీ కింద ఆదాయపు పన్ను శాఖకి ఇస్తూ వచ్చిన లిస్టు అదే. చాలా ట్రస్టుల్లో ఆ ఫైలు ఆడిటరు దగ్గరే ఉండిపోతుంది, ఒక్క మెయిల్ పెట్టి తెప్పించుకోండి. అందులోంచి అడ్రసు, మొత్తం, తేదీ మాత్రం తీసుకుని కొత్త షీటులో పెట్టుకోండి. పేరు, ఫోను, పాన్ ఈ షీటులోకి రాకూడదు. ప్రతి దాతకీ మీరే ఒక నంబరు ఇచ్చుకోండి, ఆ నంబరుకి ఎవరు అన్నది అసలు ఫైలులోనే ఉండనివ్వండి. మ్యాప్ లింకు ఎప్పుడో ఒకసారి ఎవరికో ఒకరికి వెళ్లిపోతుంది, వెళ్లినా నష్టం లేకుండా ముందే చూసుకోవడం తేలిక.

కొత్త షీటులో కాలమ్‌లు ఇవి చాలు: దాత నంబరు, ఉంటున్న చోటి పిన్‌కోడ్, సొంతూరు, మండలం, జిల్లా, మొదటిసారి ఇచ్చిన సంవత్సరం, చివరిసారి ఇచ్చిన సంవత్సరం, ఇప్పటిదాకా మొత్తం, ఎవరి ద్వారా వచ్చారు. ఈ చివరి కాలమ్ ఎవరూ రాసుకోరు. తర్వాత చూస్తారు, మ్యాప్ మీద కనిపించే సగం విషయాలకి జవాబు అందులోనే ఉంటుంది.

ఉంటున్న చోటుకి ఇంటి నంబరు దాకా పోవద్దు. మన అడ్రసులు 'రామాలయం వెనక సందు, పాత పోస్టాఫీసు ఎదురుగా' అన్నట్టుంటాయి, వాటిని గూగుల్‌కి ఇస్తే తోచిన చోట చుక్క పెట్టేస్తుంది. పిన్‌కోడ్ చాలు. 1972 ఆగస్టు 15న పోస్టల్ శాఖ మొదలుపెట్టిన ఆరంకెల కోడ్ ఇది. మనకి 50తో మొదలైతే తెలంగాణ, 51 నుంచి 53 దాకా ఆంధ్రప్రదేశ్, కాబట్టి తప్పుగా రాసినవి కంటితోనే పట్టేయొచ్చు. మధ్యలో ఖాళీ వదిలి '500 072' అని రాసినవాళ్లు ఉంటారు, ఎక్సెల్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టి ఆ ఖాళీలు తీసేయండి, లేకపోతే ఒకే పిన్‌కోడ్ రెండుగా లెక్కపడుతుంది. ఈ మధ్య పోస్టల్ శాఖ తెచ్చిన పది అక్షరాల డిజిపిన్ దాదాపు నాలుగు మీటర్ల గడి దాకా చూపిస్తుంది, మీరు వేసిన బోరు ఎక్కడుందో చెప్పడానికి అది పనికొస్తుంది. దాతల విషయంలో అంత దగ్గరికి వెళ్లాల్సిన పని లేదు.

సొంతూరు కాలమ్ ఎలా నింపాలి

ఇది ఏ ఫైలులోనూ ఉండదు, అడగాలి. రసీదు పంపాక ఎలాగూ థాంక్స్ చెప్పడానికి ఫోన్ చేస్తారు కదా (చేయకపోతే మ్యాప్ సంగతి పక్కన పెట్టి ముందు అది మొదలుపెట్టండి), అప్పుడు 'మీది ఏ ఊరండీ?' అని అడిగితే అయిపోతుంది. తెలుగువాళ్లు ఇద్దరు కలిస్తే ఎలాగూ ముందు వచ్చే ప్రశ్న అదే.

కాకపోతే ఒక ఇబ్బంది ఉంది. 'ఏ ఊరు, ఏ వైపు, ఇంటిపేరేంటి' అని వరసగా అడుగుతూ పోతే కులం ఆరా తీస్తున్నారని అవతలివాళ్లకి అనిపిస్తుంది, అనిపించడంలో తప్పు కూడా లేదు, మన దగ్గర ఆ ప్రశ్నలు చాలాసార్లు అందుకోసమే వస్తాయి. కాబట్టి ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పండి. 'మీ ఊరి వైపు ఎప్పుడైనా పని మొదలుపెడితే మీకు చెప్పాలని రాసుకుంటున్నామండీ' అంటే చాలు. ఊరు, మండలం దగ్గర ఆగిపోండి. చెప్పడం ఇష్టం లేనట్టుంటే ఖాళీగా వదిలేయండి. ఆన్‌లైన్ ఫారంలో అయితే 'మీ సొంతూరు, మండలం (చెప్పాలనుకుంటేనే)' అని ఒక గడి పెట్టండి.

మండలం తప్పనిసరిగా రాసుకోమనడానికి కారణం ఉంది. కొత్తపల్లి, రామాపురం, వెంకటాపురం అనే ఊళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. పైగా ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఒకరు 'త'కి హెచ్ పెడతారు, ఒకరు రెండు టీలు పెడతారు, ఇంకొకరు చివర ఐ బదులు వై రాస్తారు, దాంతో ఒకే ఊరు మూడు ఊళ్లవుతుంది. కేంద్ర ప్రభుత్వం లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ పేరుతో ప్రతి గ్రామానికీ ఒక కోడ్ ఇచ్చింది, వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. ఊళ్లు వందల్లో ఉంటే ఆ కోడ్ కూడా ఒక కాలమ్‌లో రాసుకోవడం మంచిది.

జిల్లాల గొడవ ఇంకొకటి. తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి, ఆ తర్వాత కూడా మార్పులు జరిగాయి. ఎడిసన్‌లోనో డాలస్‌లోనో ఉంటున్నాయన 'మాది కరీంనగర్ జిల్లా' అంటారు, చూస్తే ఊరు ఇప్పుడు పెద్దపల్లిలో ఉంటుంది. నరసరావుపేట వాళ్లలో ఇప్పటికీ గుంటూరు జిల్లా అనేవాళ్లే ఎక్కువ. రెండు కాలమ్‌లు పెట్టుకోండి, ఆయన చెప్పిన జిల్లా, ఇప్పటి జిల్లా. మ్యాప్‌కి రెండోది వాడండి, ఉత్తరంలో మాత్రం ఆయన చెప్పిందే రాయండి. 2011 జనాభా లెక్కలు మీ మ్యాప్‌లో కలపాలనుకుంటే అవన్నీ పాత జిల్లాల ప్రకారం ఉంటాయని గుర్తుపెట్టుకోండి, కొత్త జిల్లాల పక్కన నేరుగా పెడితే తప్పు లెక్క వస్తుంది.

మ్యాప్ మీద పెట్టడం

గూగుల్ మై మ్యాప్స్ సరిపోతుంది, ఉచితం. ఒక లేయర్‌లోకి (మ్యాప్ మీద విడిగా ఆన్, ఆఫ్ చేసుకునే పొర) 2000 వరసల దాకా ఎక్కించుకోవచ్చు, ఒక మ్యాప్‌లో పది లేయర్లు పెట్టుకోవచ్చు, చిన్న ట్రస్టుకి అంతకన్నా అక్కర్లేదు. ఫోనులో కాదు, కంప్యూటర్‌లో చేయండి. కొత్త మ్యాప్ తెరిచి, ఇంపోర్ట్ నొక్కి షీటు ఇస్తే చుక్కలు ఏ కాలమ్ చూసి పెట్టాలని అడుగుతుంది. పిన్‌కోడ్ ఇస్తున్నట్టయితే '500072, తెలంగాణ, ఇండియా' అన్నట్టు పూర్తిగా ఒక కాలమ్‌లో రాసి ఇవ్వండి, ఉత్త అంకెలిస్తే వేరే దేశంలో పడినా ఆశ్చర్యం లేదు.

సొంతూళ్లకి మాత్రం పేరు ఇచ్చి ఊరుకోవద్దు. గూగుల్ మ్యాప్స్‌లో ఊరు వెతికి, దాని మీద రైట్ క్లిక్ చేస్తే పైన అక్షాంశం, రేఖాంశం రెండు అంకెలు వస్తాయి, వాటి మీద నొక్కితే కాపీ అవుతాయి. వాటిని రెండు కాలమ్‌లలో పెట్టండి. విసుగు పుట్టించే పనే, కానీ ఒక్కసారి చేస్తే మళ్లీ అక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడైనా అక్షాంశం 12కీ 20కీ మధ్య, రేఖాంశం 76కీ 85కీ మధ్య ఉంటుంది. దీన్ని దాటిన వరస ఏదైనా తప్పే. రెండూ తారుమారు చేయడం అందరూ చేసేదే. హైదరాబాద్ 17.4, 78.5 కదా, వాటిని అటూ ఇటూ చేస్తే మీ దాత సొంతూరు ఆర్కిటిక్‌లో నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది.

ఒకే ఊరి నుంచి ఇరవై మంది దాతలుంటే ఇరవై చుక్కలూ ఒకదాని మీద ఒకటి పడి ఒక్క చుక్కలాగే కనిపిస్తాయి. ఇది చాలామంది గమనించరు. అందుకని ముందే ఎక్సెల్‌లో పివట్ టేబుల్ వేసి ఊరికి ఒక వరస, పక్కన ఎంతమంది దాతలు, చివరిసారి ఎవరైనా ఎప్పుడు ఇచ్చారు అన్నవి పెట్టి ఆ టేబుల్‌ని ఎక్కించండి. తర్వాత 'స్టైల్ బై డేటా కాలమ్' అన్న దగ్గర దాతల సంఖ్యని బట్టి రంగులు మార్చుకోవచ్చు.

లేయర్లు ఇలా పెట్టుకోండి: దాతల సొంతూళ్లు, దాతలు ఉంటున్న పిన్‌కోడ్‌లు, మనం పనిచేసే ఊళ్లు, వాలంటీర్లు, చుట్టుపక్కల కంపెనీలు. ఒకేసారి అన్నీ ఆన్ చేస్తే మ్యాప్ హోలీ ఆడినట్టుంటుంది, రెండేసి మాత్రమే ఆన్ చేసి చూడండి. వేల మంది దాతలు, మండలాల హద్దులు, రంగులు నింపడాలు కావాలంటే క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ ఉచితమే, కానీ నేర్చుకోవడానికి టైమ్ పడుతుంది. మొదటి ఏడాదే దాని జోలికి పోవద్దంటాను.

చూసేటప్పుడు ఏం చూడాలి

ఉద్దానం తీసుకుందాం. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లలో కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి మనుషుల్ని తినేస్తోంది, కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. అక్కడ డయాలసిస్ చేయించుకునేవాళ్లకి రానుపోను ఖర్చులిచ్చే చిన్న ట్రస్టు మీదనుకోండి. ఉంటున్న అడ్రసుల మ్యాప్ తెరిస్తే దాతలంతా విశాఖలో, హైదరాబాద్‌లో కనిపిస్తారు. అది మీకు ముందే తెలుసు, కొత్తేముంది. ఇప్పుడు సొంతూళ్ల లేయర్, పని లేయర్ రెండూ ఆన్ చేయండి.

కవిటి, సోంపేట వైపు దాతల చుక్కలు దట్టంగా ఉండి, పలాస వైపు మీరు పనిచేస్తున్నా ఒక్క దాత కూడా లేరనుకోండి. పలాస అంటే జీడిపప్పు పరిశ్రమ, వ్యాపారాలున్న ఊరు, బయటికెళ్లి స్థిరపడ్డవాళ్లూ తక్కువేం కాదు. డబ్బు లేక కాదు, మీకు అక్కడి మనిషి ఎవరూ పరిచయం లేక. 'ఎవరి ద్వారా వచ్చారు' కాలమ్ చూడండి, కవిటి వాళ్లంతా ఒకరిద్దరి ద్వారానే వచ్చి ఉంటారు, ఒక రిటైర్డ్ హెడ్మాస్టరో, ఒక బ్యాంకు ఉద్యోగో. పలాసలో మీకు కావాల్సింది అలాంటి ఒక మనిషి, ఇంకో పోస్టరు కాదు. మ్యాప్ మీకు చెప్పేది ఆ ఖాళీ ఎక్కడుందో, అంతవరకే. మనిషిని వెతుక్కోవడం మీ పని.

దీనికి తిరగేసిన సందర్భం కూడా ఉంటుంది. ఇచ్ఛాపురం వైపు దాతలు చాలామంది ఉన్నారు, మీ పని అక్కడ లేదు. వాళ్లు ఇన్నాళ్లూ పక్క మండలం కోసం ఇస్తున్నారంటే వాళ్ల ఊళ్లో మొదలుపెడితే ఇంకా ఇస్తారన్న ఆశ పుడుతుంది. నిజమే కావచ్చు, కానీ దాతలున్న చోటికి పనిని లాక్కెళ్లడం మొదలైతే దాతలు లేని ఊళ్లకి ఎవరూ మిగలరు. అవసరం ఎక్కడుందో చూపించే లేయర్ ఒకటి, అంటే ఏ ఊళ్లో ఎంతమంది ఎదురుచూస్తున్నారో, ఎప్పుడూ పక్కనే ఉంచుకుని నిర్ణయం తీసుకోండి.

ఆగిపోయిన దాతల్ని వేరే రంగులో చూడండి. ఒకే పిన్‌కోడ్‌లో ఏడెనిమిది మంది ఒకే ఏడాది ఆపేశారంటే వాళ్లందరికీ మీ మీద ఒకేసారి కోపం వచ్చిందని కాదు. ఆ అపార్ట్‌మెంటులో అందరి దగ్గరా వసూలు చేసి పంపే ఆవిడ ఇల్లు మారిపోయి ఉంటుంది. ఆవిడకి ఒక ఫోను కొడితే కొత్త చోట ఇంకో గ్రూపు తయారయ్యే అవకాశం ఉంది, పాత చోట బాధ్యత తీసుకునేవాళ్ల పేరు కూడా ఆవిడే చెబుతారు.

మోసపోయే చోట్లు రెండు. మొదటిది, పిన్‌కోడ్ లేక అడ్రసే ఇచ్చిన చోట, అది అర్థం కానప్పుడు గూగుల్ ఊరి నడిబొడ్డున చుక్క పెట్టేస్తుంది, దాంతో విశాఖ మధ్యలో మీకు పెద్ద దాతల గుంపు ఉన్నట్టు కనపడుతుంది. ఆ గుంపు మీద నొక్కి అసలు అడ్రసులు చదివితే సగం ఉత్త 'విశాఖపట్నం' అని ఉంటాయి. రెండోది, జనం ఎక్కువున్న చోట చుక్కలు ఎక్కువే ఉంటాయి, అందులో విశేషం లేదు. ఎంతమందిని అడిగితే ఎంతమంది ఇచ్చారు అన్నదే చూడండి. నలభై మందిని అడిగితే నలుగురిచ్చిన కాలనీ కన్నా, పది మందిని అడిగితే ఐదుగురిచ్చిన చిన్న టౌను మేలు. ఇంకో మాట, జూబ్లీహిల్స్ పిన్‌కోడ్ కనపడగానే పెద్ద మొత్తాలు ఊహించుకోకండి. నెలనెలా ఐదు వందలు తప్పకుండా పంపే టీచర్లు, రైల్వే ఉద్యోగులు ఏ పిన్‌కోడ్‌లోనైనా ఉంటారు, ట్రస్టు నడిచేది ఎక్కువగా వాళ్ల మీదే.

అడిగేటప్పుడు

మ్యాప్ మొత్తం ఎవరికీ పంపకండి. మండలం వరకే కత్తిరించి, ఆ మండలం వాళ్లకే పంపండి. ఉదాహరణకి సోంపేట హైస్కూలు పాత బ్యాచ్ గ్రూపులో ఒక పెద్దమనిషి మీ తరఫున పెట్టే మెసేజ్ ఇలా ఉండొచ్చు:

'మన మండలం మ్యాప్ ఇది. పచ్చ రంగు ఊళ్లలో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లకి ఆటో ఖర్చు అందుతోంది. ఎర్ర రంగు ఊళ్లకి ఇంకా అందట్లేదు. ఒక మనిషికి నెల ఖర్చు ఇంత. మీ ఊరు ఏ రంగులో ఉందో చూసి చెప్పండి.'

చివరి వాక్యమే అసలు పని చేసేది. గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరూ ఫొటో పెద్దది చేసి తన ఊరు వెతుక్కుంటారు, ఎర్రగా ఉంటే 'మా ఊరికెందుకు ఇవ్వట్లేదు' అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చిందంటే మాట మొదలైనట్టే. ఫొటోలో ఊళ్ల పేర్లు తెలుగులో, ఫోను మీద చదివేంత పెద్దగా ఉండాలి. 'ఒక మనిషికి నెల ఖర్చు ఇంత' అన్న దగ్గర నిజమైన అంకె పెట్టండి, రౌండ్ చేసి పెంచకండి, ఆ ఊరి వాళ్లకి ఆటో రేట్లు మీకన్నా బాగా తెలుసు.

విదేశాల్లో ఉన్నవాళ్లకి ఇదే మ్యాప్ ఇంకా బాగా పనిచేస్తుంది, కానీ డబ్బు తీసుకునే ముందు ఒకటి చూసుకోండి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాయన, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే, దానికి మీకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో దానికోసమే తెరిచిన ఖాతాలోకే రావాలి. కాబట్టి షీటులో 'పాస్‌పోర్టు ఏ దేశానిది' అన్న కాలమ్ ఇంకొకటి కలుస్తుంది.

కంపెనీల దగ్గరికి వెళ్లేటప్పుడు

కంపెనీకి కూడా సొంతూరు ఉంటుంది, అది దాని ప్లాంటు ఉన్న ఊరు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి చేరినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం రెండు శాతం సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఖర్చుపెట్టాలి. తాము పనిచేసే చోటికీ దాని చుట్టుపక్కలకీ ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఎన్ని కిలోమీటర్లు అన్నది చట్టం చెప్పలేదు, అందుకే కంపెనీ వాళ్లు తమకి తోచిన గీత గీసుకుంటారు. మీరు ఎంత గొప్ప ప్రాజెక్టు పట్టుకెళ్లినా ముందు అడిగేది 'మా ప్లాంటుకి ఎంత దూరం?' అనే.

కాబట్టి ఆ జవాబు మొదటి పేజీలోనే మ్యాప్‌గా పెట్టండి. పాశమైలారం, జడ్చర్ల, అచ్యుతాపురం, శ్రీసిటీ లాంటి పారిశ్రామిక ప్రాంతాల్లో ఏ కంపెనీల యూనిట్లున్నాయో చూసి లేయర్‌లో పెట్టుకోండి. ఏ కంపెనీ ఏ జిల్లాలో దేనికి ఖర్చుపెట్టిందో వాళ్ల వార్షిక నివేదికలో సీఎస్ఆర్ అనుబంధంలో ఉంటుంది, కేంద్రం నడిపే సీఎస్ఆర్ పోర్టల్‌లో జిల్లాల వారీగా కూడా దొరుకుతుంది. మై మ్యాప్స్‌లో రూలర్ లాంటి గుర్తు ఉంటుంది, దాంతో దూరం కొలవండి, కానీ అది గీత గీసినట్టు నేరుగా కొలుస్తుంది, మధ్యలో వాగో కొండో ఉంటే రోడ్డు దూరం చాలా ఎక్కువ ఉంటుంది. రెండూ రాయండి.

ఉద్దానం సంగతే చూస్తే, అదే జిల్లాలో పైడిభీమవరం దగ్గర ఫార్మా కంపెనీలున్నాయి. మ్యాప్ మీద కొలిస్తే పలాస అక్కడికి వంద కిలోమీటర్ల పైనే ఉంటుంది. 'మీ ప్లాంటు పక్క ఊళ్లు' అని వాళ్లకి చెప్పలేరు, చెప్పకండి. మీ జిల్లా సమస్య, పైగా ఆరోగ్యం మీ రంగం, అన్న దారిలో వెళ్లండి. లేకపోతే పైడిభీమవరం చుట్టుపక్కల పనిచేసే వేరే సంస్థకి ఆ కంపెనీని వదిలేసి మీకు దగ్గరున్నవాళ్లని వెతుక్కోండి. ఏ గుమ్మం ఎక్కనక్కర్లేదో ముందే తెలియడం కూడా లాభమే. సీఎస్ఆర్-1 (సీఎస్ఆర్ డబ్బు తీసుకునే సంస్థలు చేయించుకోవాల్సిన) రిజిస్ట్రేషన్ లేకుండా మాత్రం ఏ గుమ్మమూ ఎక్కకండి, 2021 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి.

ఇచ్చాక చూపించే మ్యాప్

అడగడానికి ఒక మ్యాప్, ఇచ్చినవాళ్లకి చూపించడానికి ఇంకొకటి. న్యూయార్క్ నుంచి పనిచేసే చారిటీ వాటర్ అనే సంస్థ 2006లో మొదలైంది, తాము వేసిన బావులు, బోర్ల ఫొటోలు, జీపీఎస్ అంకెలు దాతలకి చూపించడమే దాని పద్ధతి. మనకి అంత హంగామా అక్కర్లేదు. ఊళ్లో పని అయిన రోజే ఫొటో, తేదీ, జీపీఎస్ తీసుకుంటే చాలు. వాలంటీరు ఫోనులో కెమెరాకి లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఫొటోలోనే అంకెలు ఉంటాయి, కానీ దాన్ని వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అవి పోతాయి, డాక్యుమెంటుగా పంపమనండి. ఇంకా పద్ధతిగా కావాలంటే కోబో టూల్‌బాక్స్ అని ఒక ఫారం యాప్ ఉంది, సిగ్నల్ లేని ఊళ్లో కూడా నింపుకుని, నెట్ వచ్చాక పంపొచ్చు.

పాడైపోయిన బోరునీ, ఆగిపోయిన లైబ్రరీనీ కూడా మ్యాప్‌లో పెట్టండి, వేరే రంగులో. దాత ఎలాగూ పండక్కి ఊరెళ్తారు, వెళ్లినప్పుడు చూస్తారు. మ్యాప్‌లో పచ్చగా ఉండి ఊళ్లో తుప్పుపట్టి ఉంటే ఆ ఒక్క చుక్క మిగతా వాటన్నింటి పరువూ తీస్తుంది. 'ఇది పాడైంది, మోటారు మార్చడానికి ఇంత కావాలి' అని రాస్తే దానికే డబ్బొచ్చే అవకాశం ఉంది.

పెట్టకూడనివి కూడా ఉన్నాయి. సాయం అందుకునేవాళ్ల ఇళ్లు ఎప్పుడూ పెట్టకండి, ఊరు వరకే. చిన్న ఊళ్లో 'కిడ్నీ పేషెంటు ఒకరు' అని పెట్టినా ఎవరో అందరికీ తెలిసిపోతుంది, అలాంటి చోట రెండు మూడు ఊళ్లు కలిపి మండలం లెక్కే చూపించండి. హెచ్ఐవీ, గృహహింస, ఆడపిల్లల హాస్టళ్ల పని చేసేవాళ్లయితే బయటికిచ్చే మ్యాప్ అసలు వద్దు. ఆదరణ, రక్షణ అవసరమైన పిల్లల్ని గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం.

బ్రోషరులో దేశం మ్యాప్ వేసేటట్టయితే హద్దులు సర్వే ఆఫ్ ఇండియా మ్యాప్‌లో ఉన్నట్టే ఉండాలి. లేకపోతే 1961 క్రిమినల్ లా సవరణ చట్టం కింద ఆరు నెలల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో దొరికే మ్యాప్‌లలో చాలావాటిలో జమ్మూ కశ్మీర్ దగ్గర గీతలు వేరేగా ఉంటాయి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌తో సహా. మీ పని మూడు మండలాల్లో ఉన్నప్పుడు దేశం మ్యాప్ ఎందుకు, జిల్లా మ్యాప్ వేయండి, ఆ తలనొప్పే ఉండదు.

లింకు ఎవరికైనా పంపే ముందు షేరింగ్ సెట్టింగ్ చూసుకుని, ఒకసారి బ్రౌజర్ ఇన్‌కాగ్నిటోలో తెరిచి చూడండి, బయటివాళ్లకి ఏం కనిపిస్తుందో మీకూ అదే కనిపిస్తుంది. దాతల లేయర్లు ఉన్న మ్యాప్ వేరు, బయటికిచ్చే మ్యాప్ వేరు, రెండూ ఒకే ఫైలులో ఉంచకండి.

లింకులు తెరవని దాతలు ఉంటారు, వయసైనవాళ్లు ముఖ్యంగా. వాళ్ల కోసం మండలం మ్యాప్‌ని ఏ3 సైజులో ప్రింటు తీయించి రసీదుతో పాటు పోస్టులో పంపండి, వాళ్ల ఊరి దగ్గర పెన్నుతో చిన్న సున్నా చుట్టి. గ్రామసభలోనో బడి వార్షికోత్సవంలోనో కట్టడానికైతే ఫ్లెక్సీ వేయించండి. షాపు వాళ్లకి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపితే ఊళ్ల పేర్లన్నీ అలుక్కుపోతాయి, పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ పట్టుకెళ్లండి, తెలుగు అక్షరాలు విడిపోకుండా వచ్చాయో లేదో ప్రింటు కొట్టే ముందు వాళ్ల కంప్యూటర్ మీద మీరే ఒకసారి చదవండి.